ఒకే ఇల్లు, ఐదు అంజీర్ మొక్కలు, నాలుగు రకాల పసుపు: సైనిక్‌పురి మిద్దెతోట కేస్ స్టడీ

ఫిర్యాదు ఒక్క ముక్కలో వచ్చింది: "సార్, అంజీర్ ఆకులన్నీ పచ్చబడ్డయి." తెలుగులో ఈ మాటతో చిన్న చిక్కుంది. ఆకుపచ్చా పచ్చే, పసుపుపచ్చా పచ్చే. పైగా "అన్నీ" అనే మాట ఇంకా చిక్కు. ఏ మొక్కలోనైనా ఆకులన్నీ ఒకేసారి ఒకేలా పసుపెక్కడం అరుదు. ఏదో ఒక చోట మొదలవుతుంది. చిగురులోనా, ముదురాకులోనా? ఈనెల (ఆకు నరాల) మీదా, ఈనెల మధ్యా? ఆకు పైనా, అడుగునా? రోగం గుర్తు ఆ చోటులో దొరుకుతుంది. ఈ ఇంట్లో ఐదు మొక్కలకూ ఒకే మందు కొట్టారు, ఎందుకంటే ఐదూ పసుపుగానే కనిపించాయి. తీరా చూస్తే కారణాలు నాలుగు.

మొక్కల వివరాలు

హైదరాబాద్ సైనిక్‌పురిలో సొంత ఇల్లు. మొదటిసారి చూసింది సెప్టెంబరు చివరి వారం, వానలు ఇంకా పూర్తిగా తెరిపివ్వలేదు. మిద్దె మీద నాలుగు మొక్కలు, కింద నేలలో ఒకటి.

ఒకటి, రెండు నంబర్లు బ్రౌన్ టర్కీ రకం, మూడేళ్ళవి. 200 లీటర్ల నీలం డ్రమ్ములను సగానికి కోసి వాటిలో పెట్టారు. మూడోది పూనా రకం, అదీ సగం డ్రమ్ములోనే, పిట్టగోడ మూలలో రెండు వైపులా మల్లె తీగల మధ్య ఇరుక్కుని ఉంది. నాలుగోది డయానా అని చెప్పి అమ్మిన మొక్క, 8 నెలల కిందట కొన్నది, ఇంకా గ్రో బ్యాగులోనే ఉంది. ఐదోది కింద ఎర్ర చెలక మట్టిలో, ఐదేళ్ళ చెట్టు. దాని చుట్టూ ఏటా వంకాయ, టమాట, బెండ వేస్తున్నారు.

అప్పటికే చేసిన వైద్యం: పది రోజులకోసారి సూక్ష్మపోషకాల మిశ్రమం మూడుసార్లు, లీటరుకు 10 గ్రాముల ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం లవణం) రెండుసార్లు, వేపనూనె ఒకసారి. వీటికి తోడు అన్ని కుండీలకూ పదిహేను రోజులకోసారి గుప్పెడు కట్టెల బూడిద, నెలకోసారి గుడ్డు పెంకుల పొడి. చివరి రెండింటి సంగతి వాళ్ళు తమంతట చెప్పలేదు, "మందులు కాకుండా ఇంకేం వేస్తారు?" అని అడిగితే బయటపడింది. బూడిదను ఎవరూ మందుల లెక్కలో వేసుకోరు. ఈ కేసులో సగం కథ ఆ బూడిదలోనే ఉంది.

ముందు చేసిన పని అన్ని పిచికారీలూ ఆపించడం. ఆకు మీద మందుల తెల్లటి మరకలు ఉండగా రోగం చూడటం అద్దం మీద ఆవిరి ఉండగా ముఖం చూసుకోవడం లాంటిది. ఒక్కో మొక్క నుంచి మూడేసి ఆకులు తీశాం: కొస నుంచి రెండోది, మధ్యలోది, అడుగుది. మంచినీళ్ళతో కడిగి, తెల్ల కాగితం మీద వరసగా పేర్చాం. అంజీర్ ఆకు కోసినప్పుడు తొడిమ నుంచి పాలు కారతాయి. ఆ పాలు చర్మానికి అంటి, దాని మీద ఎండ తగిలితే మర్నాటికి మంట, తర్వాత బొబ్బలు, నెలల తరబడి నల్ల మచ్చ. చేతొడుగులు వేసుకోవాలి, లేదా పొద్దు వాలాక కోసి వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. పిల్లల చేత కోయించవద్దు.

పేర్చిన పదిహేను ఆకుల్లోనే ఐదు మొక్కలూ నాలుగు గుంపులుగా విడిపోయాయి.

ఒకటి, రెండు: చిగురు పసుపు, ఈనెలు ఆకుపచ్చ

ఈ రెండింటిలో అడుగు ఆకులు నిండు ఆకుపచ్చగా, ఆరోగ్యంగా ఉన్నాయి. పైకి పోయేకొద్దీ రంగు తగ్గుతూ, కొస ఆకులు నిమ్మపండు రంగుకు వచ్చాయి. పసుపు మీద ఈనెలు మాత్రం పెన్నుతో గీసినట్టు సన్నగా ఆకుపచ్చగా నిలిచాయి. రెండో మొక్క కొస ఆకు దాదాపు తెల్లబడి, అంచున గోధుమరంగు కాలుడు మొదలైంది.

ఇనుము లోపం ఇలాగే ఉంటుంది. మొక్కలో ఇనుము ఒకసారి ఒక ఆకులో చేరితే అక్కణ్ణుంచి కదలదు, కాబట్టి కొరత వస్తే ముదురాకు బాగుండి చిగురు పసుపెక్కుతుంది. మెగ్నీషియం దీనికి తలకిందులు. అది ముదురాకు నుంచి చిగురుకు తరలిపోతుంది, పసుపు అడుగు ఆకుల్లో మొదలై పైకి పాకుతుంది. అంటే ఈ మొక్కలకు ఎప్సమ్ సాల్ట్ కొట్టాల్సిన అవసరమే లేదు. నత్రజని తక్కువైనా అడుగు ఆకులే పాలిపోతాయి, కాకపోతే ఈనెలతో సహా మొత్తం ఆకు ఒకే రంగులోకి పోతుంది. పొటాష్ కొరత ముదురాకు అంచున కాలుడుగా కనిపిస్తుంది.

చిగురు పసుపుకు మాంగనీసు కొరత కూడా కారణం కావచ్చు. అప్పుడు ఈనె పక్కన ఆకుపచ్చ పట్టీ కాస్త వెడల్పుగా, అంచు చెదిరినట్టు ఉంటుంది. కంటితో తేల్చడం కష్టం. అందుకని ఆకునే అడిగాం.

ఈ పరీక్షకు కావాల్సినవి దూది, మూడు రంగుల దారం, ఆర్వో నీళ్ళు. లీటరు ఆర్వో నీటిలో ముందు 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), తర్వాత 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము లవణం) కరిగించాలి. ఇంకో గిన్నెలో లీటరుకు 3 గ్రాముల మాంగనీసు సల్ఫేటు. పరీక్షకు 100 మి.లీ. చాలు కానీ, వంటింటి త్రాసు అర గ్రామును సరిగ్గా తూచదు, అందుకే లీటరు లెక్కన కలిపి అందులోంచి తీసుకోవాలి. రెండింటిలోనూ గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క. సాయంత్రం ఐదు దాటాక, ఒకే కొమ్మ మీద పక్కపక్కనున్న మూడు పసుపు ఆకులు ఎంచి, నడి ఈనెకు కుడివైపు సగం మాత్రమే దూదితో పైనా కిందా తడపాలి. అన్నభేది పూసిన ఆకు తొడిమకు ఎర్ర దారం, మాంగనీసు ఆకుకు నల్ల దారం, వట్టి నీళ్ళు పూసిన ఆకుకు తెల్ల దారం. ఎడమ సగం అలాగే వదిలేయాలి.

ఎనిమిదో రోజుకు ఎర్ర దారం ఆకు కుడి సగం చుక్కలు చుక్కలుగా ఆకుపచ్చబడింది, ఎడమ సగం పసుపుగానే ఉంది. నడి ఈనె సరిహద్దు గీసినట్టు నిలిచింది. నల్ల దారం, తెల్ల దారం ఆకుల్లో మార్పు లేదు. ఇనుమే అని తేలింది.

అయితే ఇనుము లోపమని తేలడం సగం జవాబే. డ్రమ్ములో ఎర్రమట్టి ఉంది, ఎర్రమట్టి ఎర్రగా ఉండేదే ఇనుము వల్ల. మరి ఆ ఇనుము వేరుకు ఎందుకు అందడం లేదు?

డ్రమ్ములో నాలుగు చోట్ల అరచేతి లోతు నుంచి మట్టి తీసి, ఒక కప్పు మట్టికి రెండు కప్పుల ఆర్వో నీళ్ళు కలిపి, అరగంటలో నాలుగైదుసార్లు తిప్పి, పైకి తేరిన నీటిలో పీహెచ్ చూశాం. ఒకటో డ్రమ్ము 8.1, రెండోది 8.4. పీహెచ్ 7 దాటితే క్షారం. క్షారం పెరిగేకొద్దీ మట్టిలోని ఇనుము కరగదు, వేరుకు అందదు. మీటరు వాడేవారు ముందు 6.86, 9.18 బఫర్లతో సరిచేసుకోవాలి. పెట్టెలోంచి తీసిన మీటరు అర పాయింటు తప్పు చెప్పడం మామూలే, ఇక్కడ అర పాయింటుతో నిర్ణయమే మారిపోతుంది. అంజీర్ సున్నపు నేలను బాగానే ఓర్చుకునే చెట్టు. నేలలో అయితే 7.8 దగ్గర కూడా వేరు దూరం పోయి తన తిండి తెచ్చుకుంటుంది. డ్రమ్ములో పోవడానికి చోటు లేదు.

పీహెచ్ ఎందుకు పెరిగింది? మూడు దారుల్లో. మొదటిది బోరు నీళ్ళు: పీహెచ్ 7.8, టీడీఎస్ 780, ల్యాబులో చేయించిన మొత్తం ఆల్కలినిటీ లీటరుకు 380 మిల్లీగ్రాములు. చూడాల్సిన అంకె చివరిది. చాలామంది టీడీఎస్ మీటరు ఒక్కటి ముంచి "నీళ్ళు బాగానే ఉన్నయి" అంటారు, కానీ కుండీ మట్టి పీహెచ్‌ను నెలనెలా పైకి నెట్టేది నీటిలోని బైకార్బనేట్. మూడేళ్ళు రోజూ పోస్తే రోజూ చిటికెడు సున్నం వేసినట్టే. డ్రమ్ము అంచున తెల్లటి పెచ్చు కట్టి ఉంది, అదే సాక్ష్యం. రెండోది బూడిద, గుడ్డు పెంకులు. రెండూ క్షారమే.

మూడోది రెండో డ్రమ్ములో దొరికింది. పక్క నుంచి కర్రతో తవ్వితే అడుగున నాలుగు అంగుళాల మేర ఇంటి పని మిగులు: సిమెంటు పెచ్చులు, ప్లాస్టరింగు ముక్కలు. నీరు దిగడానికి వేశారట. ఒక ముక్క మీద సగం నిమ్మకాయ పిండితే చిటపటమని నురగ వచ్చింది. ఇటుక ముక్క మీద పిండితే ఏమీ కాదు. డ్రైనేజీకని సిమెంటు పెచ్చులు వేయడం హైదరాబాద్ మిద్దెల మీద చాలాచోట్ల కనిపించే తప్పు. అసలు అడుగున రాళ్ళు పేర్చితే నీరు బాగా దిగుతుందన్నదే అపోహ, దిగేది రంధ్రం వల్ల. వేలు పట్టే రంధ్రాలు ఐదు పెట్టి, వాటి మీద ప్లాస్టిక్ జాలీ ముక్క పరిస్తే సరిపోతుంది.

సూక్ష్మపోషకాల మిశ్రమం మూడుసార్లు కొట్టినా ఎందుకు పని చేయలేదో ఇప్పుడు చెప్పడం తేలిక. దాన్ని బోరు నీటిలో కలిపారు. క్షార నీటిలో ఇనుము నిమిషాల్లో గాలితో కలిసి తుప్పుగా మారి అడుగుకు చేరుతుంది. బకెట్ అడుగున ఇటుక రంగు మడ్డి కనిపించిందా అని అడిగితే, "అది మందు రంగనుకున్నం" అన్నారు. మధ్యాహ్నం కొట్టారు, అంజీర్ ఆకు పై భాగం గరుకు, చుక్క ఇంకేలోపు ఆరిపోయింది. మిశ్రమంలోంచి కిందపడి మట్టిలో చేరిన ఈడీటీఏ ఇనుము (ఈడీటీఏ అనే రసాయనం పట్టి ఉంచిన ఇనుము, చీలేట్) పీహెచ్ 8 దగ్గర నిలవదు, ఇనుమును వదిలేసి కాల్షియాన్ని పట్టుకుంటుంది.

చికిత్స రెండు దశల్లో జరిగింది. మొక్కకు వెంటనే ఊపిరి కోసం అన్నభేది పిచికారీ: లీటరు ఆర్వో నీటికి 1 గ్రాము నిమ్మ ఉప్పు, 5 గ్రాముల అన్నభేది, వారం ఎడంతో మూడుసార్లు, సాయంత్రం, ఆకు అడుగు భాగం తడిసేలా. కలిపిన గంటలోపు వాడెయ్యాలి. ద్రావణం లేత ఆకుపచ్చలో ఉండాలి, ఇటుక రంగుకు తిరిగితే పారబోయడమే. వరికి చెప్పే లీటరుకు 20 గ్రాముల మోతాదు చూసి అంజీర్ చిగురు మీద కొట్టకూడదు, మాడిపోతుంది. ఇక్కడా రెండోసారి కొట్టేటప్పుడు "త్వరగా పచ్చబడుతుంది కదా" అని రెట్టింపు కలిపారు, కొస ఆకులు నాలుగింటికి నల్లటి చుక్కలు పడ్డాయి.

వేరుకు ఈడీడీహెచ్ఏ ఇనుము (క్షార మట్టిలోనూ ఇనుమును వదలని చీలేట్), 6 శాతం ఉన్నది, డ్రమ్ముకు 10 గ్రాములు. 5 లీటర్ల నీటిలో కలిపితే బీట్‌రూట్ రసంలా ఉంటుంది. ఇది వెలుతురుకు చెడుతుంది కాబట్టి పొద్దు గుంకాక పోసి, పైన ఇంకో రెండు లీటర్ల నీళ్ళు పోసి లోపలికి దింపాలి. నెల తర్వాత మరోసారి. ఎరువుల దుకాణంలో "ఐరన్ చీలేట్" అని అడిగితే చేతికి ఇచ్చేది ఎక్కువగా ఈడీటీఏ. అది చవక, ఈ మట్టిలో దండగ. ప్యాకెట్టు మీద చదివి కొనాలి.

నీటి విషయంలో తీసుకున్న నిర్ణయం: మిద్దె మొక్కలకు బోరు బదులు నల్లా నీళ్ళు. ఈ ఇంటి నల్లా నీటి టీడీఎస్ 210, ఆల్కలినిటీ 110. నల్లా రాని రోజున బోరు నీటిలో 15 లీటర్ల బకెట్‌కు 5 గ్రాముల నిమ్మ ఉప్పు. కలిపి ఐదు నిమిషాలాగి చూస్తే పీహెచ్ 6.4కు దిగింది. ఆ బకెట్‌ను రాత్రంతా ఉంచితే మళ్ళీ పైకి పోతుంది, అప్పటికప్పుడు పోయాలి. ఇది తాత్కాలిక ఏర్పాటే. నిమ్మ ఉప్పును మట్టిలోని సూక్ష్మజీవులు తినేస్తాయి, తిన్నాక బైకార్బనేట్ తిరిగి వస్తుంది. దీన్ని నమ్ముకుని బోరు నీళ్ళే కొనసాగిస్తామంటే కుదరదు. వాన నీళ్ళు పట్టి పెట్టుకోగలిగితే అన్నిటికంటే మేలు. బూడిద, పెంకుల పొడి పూర్తిగా బంద్.

ఇంకో చిన్న సంగతి. వానలు పడుతున్నా రోజూ పైపుతో నీళ్ళు పెడుతున్నారు, డ్రమ్ముల కింద పళ్ళాలున్నాయి. ఎప్పుడూ తడిగా ఉండే మట్టిలో వేరుకు గాలి ఆడదు, ఉన్న ఇనుమును కూడా తీసుకోలేదు. పళ్ళాలు తీసేయించాం. వేలు రెండు కణుపుల లోతు దింపితే పొడిగా తగిలినప్పుడే నీళ్ళు.

మూడు: గోధుమరంగు పొడి

మూడో మొక్కలో చిగురు నిగనిగలాడుతోంది. జబ్బంతా కింద. ముదురాకుల పైన గింజంత కోణాకారపు పసుపు చుక్కలు, కొన్ని కలిసిపోయి గోధుమరంగు మచ్చలుగా మారాయి. అడుగు నుంచి ఆకులు రాలుతూ కొమ్మలు బోసిగా కనిపిస్తున్నాయి. ఆకు తిప్పి, తెల్ల చేతిరుమాలు అడుగు భాగానికి అద్ది తీస్తే, పసుపు కలిసిన గోధుమరంగు పొడి మరక పడింది. ఇది తుప్పు తెగులు. సెరోటీలియం ఫైసీ అనే శిలీంధ్రం చేసే పని. పదింతలు పెద్దది చేసే భూతద్దంతో చూస్తే ఒక్కో చుక్క వెనక పగిలిన చిన్న పొక్కు, అందులో పొడి.

దీన్ని ఎండాకాలపు నల్లితో (ఆకు రసం పీల్చే, కంటికి ఆనీ ఆనని పురుగు) కలగలపకూడదు. నల్లి ఉన్నప్పుడు ఆకు పైన సూది మొనంత తెల్ల చుక్కలు వస్తాయి, అడుగున సాలెగూడు లాంటి సన్నటి దారం ఉంటుంది, తెల్ల కాగితం మీద తడితే ఆ పొడి నడుస్తుంది. తుప్పు పొడి నడవదు.

తుప్పు రావడానికి కారణం ఆ మూల. ఆకు మీద నీరు గంటల తరబడి నిలిస్తేనే ఈ శిలీంధ్రపు బీజం మొలకెత్తుతుంది. రెండు వైపులా గోడ, పక్కన మల్లె తీగ, గాలి ఆడదు. సాయంత్రం ఏడింటికి షవర్ పైపుతో ఆకుల మీద నుంచి నీళ్ళు. వాన తడి ఆరేలోపు ఈ తడి. కింద రాలిన ఆకులు డ్రమ్ములోనే మల్చింగ్‌గా (మట్టి మీద కప్పుగా) ఉంచేశారు, అంటే విత్తనం పక్కనే దాచినట్టు.

మచ్చపడిన ఆకులన్నీ కోసి, రాలినవన్నీ ఏరి, కవరులో మూటగట్టి చెత్త బండికి వేయించాం, కంపోస్టు డబ్బాలోకి పోనివ్వలేదు. డ్రమ్మును మూల నుంచి మూడడుగులు ఇవతలకు జరిపాం. నీళ్ళు పొద్దునే, ఆకుల మీద కాకుండా మొక్క మొదలు దగ్గరే. తర్వాత బోర్డో మిశ్రమం, అంటే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), సున్నం కలిపి చేసే శిలీంధ్రనాశిని.

బోర్డో చేయడంలో చాలామంది తప్పేది వరసలో. ఒక శాతం మిశ్రమం 5 లీటర్లకు మైలుతుత్తం 50 గ్రాములు, పొడి సున్నం 50 గ్రాములు. రెండున్నర లీటర్ల నీటిలో మైలుతుత్తం ఒక ప్లాస్టిక్ బకెట్‌లో, మిగతా రెండున్నర లీటర్లలో సున్నం ఇంకో బకెట్‌లో వడగట్టి, మైలుతుత్తం నీళ్ళను సన్నటి ధారగా సున్నపు నీటిలోకి పోస్తూ తిప్పాలి. ఇనుప, రేకు పాత్రలు పనికిరావు. అయ్యాక శుభ్రమైన ఇనుప చాకును ఒక నిమిషం ముంచి తీయాలి. మొన మీద ఎర్రటి రాగి పూత కనిపిస్తే ఇంకా మైలుతుత్తం మిగిలి ఉన్నట్టు, ఆకులు కాలుతాయి, ఇంకాస్త సున్నపు నీళ్ళు పోయాలి. ఈ ఇంట్లో మొదటిసారి పూత వచ్చింది. సున్నం ప్యాకెట్టు విప్పి ఏడాదైంది, గాలికి చచ్చిపోయింది. కొత్త సున్నంతో సరిపోయింది. ఆ రోజు కలిపింది ఆ రోజే వాడాలి.

పిచికారీ ఆకు అడుగు భాగం నుంచి మొదలుపెట్టి పైకి. పదిహేను రోజులకు రెండోసారి బోర్డో బదులు మాంకోజెబ్ అనే శిలీంధ్రనాశిని లీటరుకు 2.5 గ్రాములు. మూడోసారి అవసరం పడలేదు, వానలు ఆగాయి. పండు రంగు తిరుగుతున్న కొమ్మ మీద ఏ మందూ కొట్టలేదు, ఆ రెండు కాయలూ ముందే కోసేశారు. అంజీర్ తొక్కతో తినే పండని మరచిపోకూడదు. ఒకసారి మచ్చపడిన ఆకు మళ్ళీ బాగుపడదు. మందు పని చేసిందా లేదా చూడాల్సింది కొత్త ఆకుల మీద.

మహారాష్ట్ర రైతులు ఖట్టా బహార్ (వానాకాలపు పంట) కన్నా మీఠా బహార్ (ఎండాకాలపు పంట)కు మొగ్గు చూపడంలో రుచి ఒక్కటే కారణం కాదు. వానల పంటకు ఈ తుప్పు పోరు కూడా ఉంటుంది. మిద్దె మీద కూడా వానాకాలం పోయాక కత్తిరించి, ఎండలో కాయించుకునే మొక్కకు ఈ బెడద తక్కువ.

నాలుగు: మందు లేని పసుపు

డయానా ఆకులు ఎండకు అడ్డంగా పట్టుకుని చూస్తే మర్మం తెలిసింది. లేత పసుపు మాసికలు, ఈనెలతో పని లేకుండా వాటిని దాటి ఇష్టమొచ్చినట్టు పరచుకున్నాయి, అంచులు ఆకుపచ్చలో కరిగిపోయాయి. ఒక ఆకు కుడి సగం పెద్దది, ఎడమ సగం చిన్నది, వంకర. కొన్ని మాసికల చుట్టూ తుప్పు రంగు గీత కూడా ఉంది, కానీ రుమాలు అద్దితే ఏమీ అంటలేదు. ఇనుము లోపమూ కాదు, తుప్పూ కాదు. అంజీర్ మొజాయిక్, వైరస్.

ఇది రెండు దారుల్లో వస్తుంది: జబ్బు చెట్టు నుంచి తీసిన కొమ్మ నాటితే, లేదా కంటికి ఆనని ఎరియోఫిడ్ నల్లి మోసుకొస్తే. మొక్క కొన్నప్పటి ఫోటో ఇంటివాళ్ళ ఫోనులో ఉంది, అందులోనే మొదటి ఆకు మీద మాసిక కనిపిస్తోంది. నర్సరీ నుంచే వచ్చింది. కొనేటప్పుడు అంజీర్ మొక్క ఆకు ఒక్కటి వెలుతురుకు పట్టి చూస్తే చాలు, ఎనిమిది నెలల శ్రమ తప్పేది.

దీనికి మందు లేదు. మందుంది అని ఎవరైనా అమ్మితే కొనవద్దు. పీకేయాలా? అక్కర్లేదనే తేల్చాం. ఈ వైరస్ ఉన్న అంజీర్లు ప్రపంచమంతటా కాస్తూనే ఉన్నాయి, మంచి తిండి, నీరు ఉంటే గుర్తులు తగ్గుముఖం పడతాయి. మిగతా మొక్కలకు దూరంగా మిద్దె అవతలి చివరకు మార్చి, నల్లి కోసం నీటిలో కరిగే గంధకం లీటరుకు 2 గ్రాములు పదిహేను రోజుల ఎడంతో రెండుసార్లు, ఉదయం చల్లదనంలో కొట్టారు. ఎండ 32 డిగ్రీలు దాటే రోజుల్లో గంధకం ఆకును కాలుస్తుంది, వేసవిలో వద్దు. పెట్టిన షరతు ఒక్కటే: దీని నుంచి ఒక్క కొమ్మ కూడా అంటు కోసం తీయకూడదు.

ఐదు: జబ్బు కింద ఉంది

నేలలోని చెట్టు పసుపులో ఏ ప్రత్యేకతా లేదు, మొత్తం పాలిపోయి, ఎదుగుదల ఆగి, అడుగు ఆకులు ముందు పసుపెక్కాయి. అచ్చం నత్రజని కొరతలా. కానీ ముందు రోజే వాన పడి నేల తడిగా ఉన్నా, మధ్యాహ్నం పన్నెండింటికి ఆకులు వేలాడాయి, సాయంత్రం లేచాయి. తడి నేలలో వాడిపోయే చెట్టును చూసినప్పుడు ఆకు వదిలి వేరు చూడాలి.

మొదలు నుంచి అడుగున్నర దూరంలో, జానెడు లోతున పారతో ఒక గడ్డ తీసి బకెట్ నీటిలో నానబెట్టి కడిగాం. సన్నటి వేళ్ళ మీద పూసల దండలా బొడిపెలు, పెసరగింజ నుంచి శనగగింజ దాకా. గోటితో గీకితే ఊడిరావు, వేరు తానే ఉబ్బింది. వేరుముడి నులిపురుగులు, నెమటోడ్లు. ఇసుకపాలు ఎక్కువున్న ఎర్ర చెలకల్లో ఇవి బాగా పెరుగుతాయి. ఏటా పక్కన పెట్టిన వంకాయ, టమాట, బెండ మూడూ వీటికి ఇష్టమైన పంటలు. అంజీర్ కూడా అంతే ఇష్టం.

నేలలోంచి వీటిని పూర్తిగా తీసేయడం జరగని పని. తగ్గించి, చెట్టును వాటితో బతికేలా చేయాలి. కొమ్మల నీడ పడేంత మేర మట్టి గుల్ల చేసి 2 కిలోల వేపపిండి, 5 కిలోల బాగా మాగిన పశువుల ఎరువులో 50 గ్రాముల పర్పురియోసిల్లియం లిలాసినం (నులిపురుగులను చంపే శిలీంధ్రం) పొడి కలిపి వారం నీడలో తడిగా ఉంచి వేశారు. అదే పాత పేరు పేసిలోమైసిస్ అని కూడా అమ్ముతారు. మూడు నెలలకోసారి మళ్ళీ. కూరగాయలు అక్కణ్ణుంచి ఎత్తేసి చుట్టూ ముద్దబంతి వేయించాం, నాలుగంగుళాల మందాన ఎండుగడ్డి కప్పించాం. ఆ చెట్టు దగ్గర వాడిన పార మిద్దె మీదకు తీసుకుపోకూడదు, తీసుకుపోతే కడగాలి.

తర్వాత

ముప్పయ్యో రోజుకు ఒకటో మొక్క కొత్త ఆకులు నాలుగు నిండు ఆకుపచ్చలో వచ్చాయి. పాత పసుపు ఆకులు సగమే కోలుకున్నాయి, అంతే కోలుకుంటాయి. రెండోది మాత్రం మందు పోసినప్పుడు ఆకుపచ్చబడి మూడు వారాలకు మళ్ళీ పాలిపోయింది. వేళ్ళు సిమెంటు పెచ్చుల్లోకి దిగిపోయినంత కాలం ఎంత ఇనుము పోసినా అంతే. ఆకులు రాలేదాకా ఆగి మట్టి మార్చాలని నిర్ణయించాం. మూడోదాని కొత్త ఆకులు శుభ్రంగా ఉన్నాయి. ఐదోది మధ్యాహ్నం వాడిపోవడం తగ్గింది కానీ రంగు పెద్దగా మారలేదు, దానికి కనీసం ఆరునెలలు పడుతుంది.

డిసెంబరు మధ్యలో మళ్ళీ ఫోను: "మళ్ళా అన్నీ పచ్చబడుతున్నయి సార్, రాలుతున్నయి." ఫోటోలు చూస్తే ఐదు మొక్కల్లోనూ ముదురాకులు మచ్చ లేకుండా, పొడి లేకుండా, ఒకే రంగులో పసుపెక్కి రాలుతున్నాయి, కొసన మొగ్గ గట్టిగా ఉంది. హైదరాబాద్ చలికి అంజీర్ ఆకు రాల్చి పడుకుంటుంది. ఏమీ కొట్టవద్దని, నీళ్ళు తగ్గించమని చెప్పాం.

ఆకు పూర్తిగా రాలాక రెండో డ్రమ్ము తిరగేశారు. పెచ్చులన్నీ ఏరి, చుట్టుకుపోయిన వేళ్ళు మూడో వంతు కత్తిరించి, ఎర్రమట్టి నాలుగు పాళ్ళు, మాగిన పశువుల ఎరువు మూడు పాళ్ళు, కడిగిన కోకోపీట్ రెండు, ముతక ఇసుక ఒక పాలు కలిపి మళ్ళీ పెట్టారు. ఈసారి మట్టి పీహెచ్ 6.9. కొమ్మలు అన్నిటికీ సగానికి కత్తిరించి, కోతల మీద బోర్డో ముద్ద పూశారు. కత్తిరించిన కొమ్మలు చూసి పక్కింటివాళ్ళు అంటుకు అడిగారు. వాళ్ళ కన్ను డయానా మీదే ఉంది, కానీ ఇచ్చింది ఒకటో మొక్క కొమ్మలు, పెన్సిలంత లావువి ఆరు.